అర మాత్ర అంటే ఎంత?

మాత్ర విరిగే చప్పుడు చాలా చిన్నది. ఈ ఉదయం మా అత్తమ్మ తన బీపీ మాత్రను గిన్నె అంచుకు ఆనించి విరిస్తే, పక్క గదిలో ఉన్న నాకు వినపడింది. వెళ్లి మాత్రల పట్టీ తిప్పి చదివాను. "నా గోలీలు గూడ చూస్తవా?" అని విసుక్కుంది. చూస్తాను. ఆ అలవాటు నాకు ఒక డాక్టరమ్మ వల్ల వచ్చింది.

శంషాబాద్‌లో పిల్లల దవాఖాన నడిపేది ఆమె. కోస్తా నుంచి వచ్చిన మనిషి. అందరినీ అండీ అనేది, ఎవరితోనూ నవ్వేది కాదు. నెత్తిమీద విమానం పోతుంటే, సగం మాట మోతలో మునిగాక ఆపేది. మోత తగ్గాక మిగిలిన సగమే చెప్పేది. వినపడనిది మన ఖర్మ. నాలుగేళ్ల మా శ్రావణికి ఒక కిడ్నీ చిన్నగా ఉందనీ, బీపీ అందుకే పెరుగుతోందనీ కనిపెట్టింది ఆమే. రాసిచ్చింది మాత్రం అత్తమ్మ వేసుకునే మందే.

"పెద్దోళ్ల మందు పిల్లకెట్ల ఇస్తరు మేడం?" అని అడిగాను.

"ఆ సంగతులు చెప్పినా మీకు అర్థం కావండీ. రోజూ అర మాత్ర నీళ్లలో కలిపి పట్టండి, చాలు."

మా కొత్వాల్‌గూడ చేరేదాకా ఆటోలో ఆ 'అర్థం కావండీ'నే నమిలాను. నా బిడ్డ మీద ప్రయోగం చేస్తోందేమో అనిపించింది. మందు డబ్బాలో ఉన్న కాగితం చదివితే, పిల్లలకు క్షేమమని తేలలేదని స్పష్టంగా ఉంది. అయినా బీపీకి భయపడి మందు పట్టాను.

రెండో నెల మందుల షాపులో అదే పేరున్న పట్టీ ఇచ్చారు. అందులోంచి అర మాత్ర పట్టిన పూట శ్రావణి ఆటలోంచి లేవబోయి, తూలి గడప మీద పడింది. పట్టీ తిప్పి చూస్తే రెండున్నర మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట ఐదు ఉంది. ఫోన్ చేసి అడిగితే షాపతను, "గా పట్టీ లేకుండె అక్కా. ఎట్లనో సగమే కద, ఏ గోలీ అయితేంది?" అన్నాడు.

పిల్లను ఎత్తుకొని పోయి, రెండు పట్టీలూ కాగితమూ డాక్టరమ్మ బల్ల మీద పడేశాను. ఆమె శ్రావణిని పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, బీపీ చూస్తూ పక్కనే కూర్చుంది. పిల్ల తేరుకున్నాక నావైపు తిరిగింది.

"చీటీలో మిల్లీగ్రాములు రాశాను. మీకు మాత్రం అర మాత్ర అని చెప్పాను. తప్పు నాదండీ." అప్పుడే విమానం పోయింది. మోత తగ్గేదాకా ఆగి, మొదటి నుంచి మొత్తం మళ్లీ చెప్పింది.

"మరి గీ కాగితం సంగతేంది?"

"అదీ నిజమే. ఇంత చిన్నపిల్లల్లో ఈ మందును సరిగా పరీక్షించలేదు. అయినా అవసరమైతే డాక్టర్లం వాడతాం. వాడకపోతే బాగున్న కిడ్నీ కూడా పాడవుతుంది."

"గిది ముందే చెప్తే ఏం పోయేది?"

"మీరు మందు మానేస్తారనుకున్నాను."

"అంటే నన్ను నమ్మలే."

"నమ్మలేదు. మీరూ నన్ను నమ్మకండి. ఎన్ని మిల్లీగ్రాములో నోటితో చెప్పాకే చీటీ తీసుకెళ్లండి."

ఆ తర్వాత ప్రతిసారీ చీటీని చేతిలో పట్టుకొని, నేను చెప్పేదాకా వదిలేది కాదు. కోపంగానే చెప్పేదాన్ని. కొన్నేళ్లకు దవాఖాన మూసి వెళ్లిపోయింది. పోతున్నానని ఒక్క మాట చెప్పలేదు. అదీ గుర్తుంది.

శ్రావణి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. బాగున్న ఆ కిడ్నీ నిలిచింది. మొన్న ఆరాంఘర్ దగ్గర కొత్త డాక్టరు మందు మార్చి, ఎందుకని అడిగితే, "నా మీద నమ్మకం ఉంచండమ్మా" అని నవ్వాడు. ఆయన వివరంగా చెప్పేదాకా మేమిద్దరం కుర్చీల్లోంచి లేవలేదు. తప్పు నాదని నా మొహం మీద చెప్పిన డాక్టరు ఆమె ఒక్కతే. అందుకే మిగిలినవాళ్లను ఆమె కన్నా తక్కువ నమ్ముతాను.