ఒక చరణంలో పదమూడు ఊపిరులు

1998 ఫిబ్రవరి 8, ఆదివారం. మా చర్చికి పద్దెనిమిది రాతి మెట్లున్నాయి. ఆ రోజు పదకొండో మెట్టు మీద ఆగిపోయాను. కాళ్ల నొప్పి కాదు, గుండె దడ కాదు. గాలి చాలలేదు, అంతే. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాను. పొడి దగ్గు, కఫం లేదు. నా వెనకే ఎక్కుతున్న కమల కూడా ఆగింది. నేను కదిలాకే తను కదిలింది.

అప్పటికి నాకు అరవై ఏడేళ్లు. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. పుట్టింది గుంటూరు వైపు, ఉద్యోగం కోసం వచ్చి బోరబండలో స్థిరపడ్డాను. మా అమ్మాయి సునీత, నేను కలిసి ఉంటాం. మాదాపూర్ దగ్గర చిన్న గుట్ట మీదున్న మా చర్చిలో ఇరవై రెండేళ్లుగా క్వయర్ నడుపుతున్నాను. కమల ఆ క్వయర్‌లో పాడుతుంది. మా వీధిలోనే ఆమెకు టైలరింగ్ షాపు. పుట్టి పెరిగింది ఇక్కడే.

మెట్ల మీద నిలబడితే ఎదురుగా బండలు పేల్చి చదును చేస్తున్న నేల, దాని మధ్య గుండ్రంగా లేస్తున్న పెద్ద భవనం కనిపించేవి. కంప్యూటర్ కంపెనీల కోసమని చెప్పేవారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లారీలు, తెల్లటి దుమ్ము.

"ఈ దుమ్ముకు నాకే గొంతు పట్టేస్తున్నది టీచరమ్మా. ఇగ మీకు రాదా దగ్గు?" అంది కమల.

కారణం దొరికింది కాబట్టి ఇక దాని గురించి ఆలోచించలేదు. నా మొదటి పొరపాటు అదే.

మా వీధి డాక్టరు గారు కూడా దుమ్మే అన్నారు. దగ్గు మందు రెండు సీసాలు అయ్యాయి. యాంటీబయాటిక్ రెండు కోర్సులు అయ్యాయి. టీబీ ఏమోనని మూడు రోజులు కఫం పరీక్షకు అడిగారు. లేని కఫాన్ని తెచ్చివ్వడానికి నానా తంటాలు పడ్డాను. మూడుసార్లూ నెగెటివ్. ఎక్స్‌రే చూసి, "కింద భాగం కొంచెం మసగ్గా ఉందండి. ఈ వయసులో ఉంటుంది" అన్నారు.

ఈలోగా శరీరం తన పద్ధతిలో చెబుతూనే ఉంది. తల దువ్వుకోవడానికి చేతులు పైకెత్తితే ఆయాసం వచ్చేది, కూర్చుని దువ్వుకోవడం మొదలుపెట్టాను. స్నానం చేశాక పది నిమిషాలు మంచం మీద వాలేదాన్ని. యాభై నాలుగు కిలోల బరువు యాభైకి దిగింది. రవికలు వదులయ్యాయని కమలకు ఇస్తే రెండు వైపులా కుట్లు లోపలికి వేసిచ్చింది. "మా టీచరమ్మ హీరోయిన్ లెక్క సన్నగైతున్నది" అని నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వితే దగ్గొచ్చింది.

నన్ను పెద్ద డాక్టరు దగ్గరికి కదిలించింది సునీత. "అమ్మా, నువ్వు మాట మధ్యలో ఆగుతున్నావు. వాక్యం పూర్తి కాకుండా ఎప్పుడూ ఆగవు నువ్వు" అంది.

ఏప్రిల్ 21న ఊపిరితిత్తుల డాక్టరును కలిశాం. ఆయన ఎక్స్‌రే ముట్టుకోలేదు. నన్ను వెనక్కి తిప్పి, వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెట్టి గట్టిగా ఊపిరి తీసుకోమన్నారు. చాలాసేపు విన్నారు. తర్వాత ఆ గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టారు.

"మీరు కూడా వినండమ్మా."

ఊపిరి లోపలికి వెళ్తున్న చివర్లో చిరచిరమని సన్నటి శబ్దం. పిల్లల బడి బూట్లకు ఉండే అతుకు పట్టీని మెల్లగా లాగితే వచ్చే శబ్దం. ప్రతి ఊపిరికీ, అదే చోట, తాళం తప్పకుండా వచ్చింది. భయం తర్వాత వేసింది. ముందు ఆశ్చర్యం వేసింది. అరవై ఏడేళ్లుగా నా లోపల ఒక్క క్షణం కూడా సెలవు తీసుకోకుండా పనిచేస్తున్న ఊపిరితిత్తుల గొంతు నేను వినడం అదే మొదటిసారి. పాట కోసం జీవితమంతా వాటిని వాడుకున్నాను. ఎలా ఉన్నాయని ఒక్కసారైనా అడగలేదు.

తర్వాత నా రెండు చేతుల చూపుడు వేళ్లను గోరుకు గోరు ఆనించమన్నారు. మామూలుగా అయితే గోళ్ల మొదళ్ల దగ్గర చిన్న సందు, కిటికీలా, కనిపించాలట. సునీత వేళ్ల మధ్య కనిపించింది. నా వేళ్ల మధ్య వెలుతురు రాలేదు. వేళ్ల కొనలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగి ఉన్నాయి. దీన్ని క్లబ్బింగ్ అంటారని చెప్పారు. రోజూ సుద్దముక్క పట్టుకున్న వేళ్లవి, నేనెప్పుడూ చూసుకోలేదు.

"ఎప్పట్నుంచి అమ్మా ఇబ్బంది?"

"రెండు నెలల పదమూడు రోజులండి."

ఆయన నవ్వారు. "మీ లెక్క కరెక్టే. మొదలుపెట్టిన తారీఖే తప్పు. గోళ్లు రెండు నెలల్లో గిట్ల కావు. ఊపిరితిత్తుల్లో మచ్చలు పడుతున్నట్టున్నది, ఫైబ్రోసిస్ అంటం. ఎప్పట్నుంచి, ఎందుకు అన్నది తెలిస్తే ఎంతవరకు ఆపగలమో చెప్పగలను. ఇంటికి పోయి జర యాది చేసుకోండి."

నా తేదీ తప్పని నాతో అన్నవాళ్లు అంతకుముందు లేరు. మనసు చివుక్కుమంది. ఎంతవరకు ఆపగలమో అన్న మాట ఇంటిదాకా వెంట వచ్చింది.

ఇక్కడ మా క్వయర్ పద్ధతి చెప్పాలి. ప్రతి శనివారం మధ్యాహ్నం చర్చి వెనక గదిలో ప్రాక్టీసు. పాట మధ్యలో ఎవరికి తోచిన చోట వాళ్లు ఊపిరి తీసుకుంటే మాటలు విరుగుతాయి. అందుకని ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేను నా పాటల పుస్తకంలో పెన్సిలుతో చిన్న గీత పెడతాను, పక్కన తేదీ వేస్తాను. మిగతావాళ్లు తమ పుస్తకాల్లోకి ఆ గీతలు ఎక్కించుకుంటారు. అందరూ అక్కడే ఆగాలి, ఇంకెక్కడా ఆగకూడదు. ఈ నియమం నేను పెట్టిందే.

ఏప్రిల్ 25, శనివారం. మామూలుగానే గంట ముందు వెళ్లి గది ఊడ్చాను. వెంటిలేటర్లలో పావురాలు గూళ్లు కట్టుకుని చాలా ఏళ్లయింది. కింద రెట్టలు, ఈకలు పడేవి. నాకు మురికి గిట్టదు, వేరేవాళ్లు ఊడిస్తే నచ్చదు. పావురాలంటే మాత్రం ఇష్టం. పాట మొదలవగానే అవి గొణగడం ఆపేవి.

ఆ రోజు ఒక చరణం మధ్యలో నాకు దగ్గొచ్చి అందరూ ఆగిపోయారు. సిగ్గేసి కోపం తెచ్చుకున్నాను. "మీ ఊపిరితో ఎట్లా వేగాలో తెలియడం లేదు. మీ కోసమని గీతలు పెంచుకుంటూ పోతున్నాను. పదేళ్ల క్రితం ఒక లైను ఒక్క ఊపిరిలో పాడేవాళ్లు!"

కమల ఒళ్లో పుస్తకం మూసి, "మా కోసమా?" అంది. "మాకేమైంది టీచరమ్మా? మాకు ఊపిరి బరాబర్ అందుతున్నది. మీరు గీత పెడ్తిరి, మేం ఆగితిమి."

"మరి చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పాలె? మీరు ఆయాసపడుతున్నరని మీకే చెప్పాల్నా? మెట్ల కాడ కూడా మీరు ఆగితే మేం ఆగుతం. పెద్దోళ్లను దాటి పోతమా ఏంది?"

నేను అక్కడే కుర్చీలో కూర్చుని నా పుస్తకం తెరిచాను. మేం ఎక్కువగా పాడే ఒక పాట తీశాను. నాలుగు లైన్ల చరణం. మొదట్లో నాలుగు గీతలు, లైనుకు ఒకటి. 1996 జనవరిలో ఆరు. అదే సంవత్సరం నవంబరులో ఎనిమిది. 1997 ఆగస్టులో పది. 1998 ఫిబ్రవరిలో పదమూడు. అన్నీ నా చేతిరాతే, అన్నిటి పక్కనా తేదీలు.

రెండేళ్లకు పైగా నా ఊపిరితిత్తులు తమ కథ నా చేతనే రాయించుకున్నాయి. దాన్ని నేను వేరేవాళ్ల జబ్బుగా చదివాను. పైగా పద్నాలుగు మంది ఆరోగ్యవంతులు నాతోపాటు పదమూడుసార్లు ఊపిరి తీసుకుంటూ వచ్చారు. ఎక్కడా శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అందుకే ఏదీ తేడాగా వినిపించలేదు. ఆ పేజీ ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. నా జీవితంలో సమయం చూసుకోని సందర్భాలు చాలా తక్కువ.

ఏప్రిల్ 28న పుస్తకం డాక్టరు గారికిచ్చాను. ఆయన ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టి చదివారు. "ఇంత మంచి హిస్టరీ నాకు ఏ పేషెంటూ తేలేదమ్మా" అన్నారు. రోజూ జ్వరం చూసుకుని రాసుకునే డైరీ ఉందంటే అదీ చూశారు. తిరగేసి తిరగేసి, "ఈ చిన్న జ్వరాలన్నీ శనివారం సాయంత్రమే ఉన్నయేంది? శనివారం ఏం చేస్తరు మీరు?" అన్నారు.

పాట పాడతామన్నాను. ఎక్కడ అన్నారు. గది గురించి, ఊడ్చడం గురించి, పావురాల గురించి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

హెచ్‌ఆర్‌సీటీ అనే స్కాన్ తీశారు, సన్నటి గొట్టం దింపి ఊపిరితిత్తుల లోపల చూసే బ్రాంకోస్కోపీ చేశారు, పీఎఫ్‌టీ అనే ఊదుడు పరీక్ష చేశారు. వెలుగుతున్న పెట్టె మీద స్కాన్ ఫిల్ము పెట్టి నా ఊపిరితిత్తులను నాకు చూపించారు. చెట్టు కొమ్మల్లాంటి గాలి గొట్టాలు, చివరలు కంటికి ఆననంత సన్నంగా. ఇంత పనితనం ఎవరి కంటా పడకుండా ప్రతి మనిషి లోపలా ఉందా అనిపించింది. అడుగున అంచుల్లో మాత్రం వల అల్లినట్టు తెల్లటి గీతలున్నాయి. అవి మచ్చలు. వాటి పైన పొగమంచులా ఉన్నది వాపు.

జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్. పావురాల రెట్టల ధూళి, ఈకల పొడి కొందరి ఊపిరితిత్తులకు పడదట. పీల్చినప్పుడల్లా లోపల వాపు వచ్చి, మానుతూ మానుతూ మచ్చ కడుతుందట.

"మచ్చ పడ్డది మచ్చే, అది పోదు. వాపు మాత్రం తగ్గొచ్చు. మీ దాంట్ల ఏది ఎంత ఉన్నదో మందు వాడితేనే తెలుస్తది. కానీ ఆ గదిలకు మళ్లా పోవద్దు. పోతే నా మందు దండగ."

స్టెరాయిడ్ మొదలైంది. మూడు వారాల్లో దగ్గు సగమైంది. ఆకలి పెరిగింది, షుగరూ పెరిగింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. దగ్గు తగ్గింది కదా, మంచిదే అనుకున్నాను. కానీ నా మనసు ఒప్పుకోలేదు. ఎదురుగా కొండలు పేలుతుంటే, గుప్పెడంత పావురం చేసిందా ఇది? రుజువు కావాలి నాకు. జూన్ 13, శనివారం, ఎవరికీ చెప్పకుండా వెళ్లి గది ఊడ్చాను. ఒక్కసారి. పావుగంట.

ఆ సాయంత్రానికి జ్వరం 101. మర్నాటికి ఆయాసంతో మాట రాలేదు. తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఆక్సిజన్ మీద ఉన్నాను. ముక్కుకు గొట్టంతో పడుకుని, పక్కనున్న సీసా నీళ్లలో బుడగలు లేవడం చూస్తూ, ఇకపై పాట సంగతి దేవుడెరుగు, ఒక వాక్యం చివరిదాకా చెప్పగలనా అనుకున్నాను.

కమల మూడో రోజు వచ్చింది. నన్ను చూసి కళ్లనీళ్లు తుడుచుకుని, వెంటనే తిట్టడం మొదలుపెట్టింది. "లెక్క సరిచూసుకున్నరా? వచ్చిందా జవాబు? మీకు జవాబు వచ్చింది, మేం పరేషాన్ అయినం. ఇగనన్న ఆ చీపురు నాకియ్యుండ్రి."

"నువ్వూ ఊడ్చకు" అన్నాను. గొట్టం వల్ల గొంతు చిత్రంగా వచ్చింది.

సంఘం పెద్దలు గది మూసేశారు. గూళ్లలో పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి, ముక్కుకు గుడ్డలు కట్టుకుని నీళ్లు చల్లి కడిగించి, వెంటిలేటర్లకు జాలీలు బిగించారు. ప్రాక్టీసు ముందు వరండాలోకి మారింది.

మే నెలలో నా ఎఫ్‌వీసీ, అంటే ఒక్క ఊపిరిలో ఊదగలిగే గాలి, మామూలులో యాభై రెండు శాతం. నవంబరులో అరవై ఆరు. అక్కడ ఆగింది. "వాపు పోయింది. మిగిలింది మచ్చ. ఇది ఇట్లనే నిలబడితే మనం గెలిచినట్టే" అన్నారు డాక్టరు గారు.

ఆ క్రిస్మస్‌కు క్వయర్ ముందు నిలబడింది కమల. నేను మొదటి బెంచీలో కూర్చున్నాను. వాళ్ల పుస్తకాల్లో ఆ పాట మీది గీతలు ముందు వారమే చెరిపించాను, పాత నాలుగు గీతలు మాత్రం ఉంచి. పాట మొదలైంది. నేనూ మెల్లగా గొంతు కలిపాను. మొదటి లైను మూడో మాట దగ్గర నా ఊపిరి అయిపోయింది. ఆగాను.

పాట ఆగలేదు. ఇరవై రెండేళ్లలో నేను ఆగిన చోట పాట ఆగకపోవడం అదే మొదటిసారి. పద్నాలుగు గొంతులు ఒకే ఊపిరి మీద లైను చివరిదాకా వెళ్లాయి, నేను మళ్లీ ఊపిరి తీసుకుని చివరి మాటకు వాళ్లను అందుకున్నాను. ఇంత నిడివి ఉందా ఈ లైనుకు! నేనే నేర్పిన పాట, నేనే మర్చిపోయాను.

ఇవాళ 1999 అక్టోబరు. ఎదుటి గుండ్రని భవనం పూర్తయింది, సాయంత్రం దాని అద్దాలు మెరుస్తాయి. పద్దెనిమిది మెట్లలో రెండుసార్లు ఆగుతాను. చిన్న మోతాదు మాత్ర నడుస్తోంది. గోళ్లు మళ్లీ మామూలు కాలేదు. మూడు నెలలకోసారి ఊదుడు పరీక్ష; మొన్నటిది అరవై ఐదు. పొద్దున ఒక చరణం పాడుకుని ఊపిరులు లెక్కపెడతాను. ఏడు. ఏడాదిగా ఏడే.

చదివేవారికి ఒక్క మాట. మీరు వారం వారం చేసే పని ఏదైనా ఒకటి, మెట్లు గానీ పాట గానీ, ఎన్ని ఊపిరుల్లో పూర్తవుతోందో కాగితం మీద తేదీతో రాసి పెట్టుకోండి. ఆ అంకె పెరుగుతుంటే వయసనీ దుమ్మనీ మీరే తీర్పు చెప్పుకోకుండా ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఇక నేను మెట్ల మీద ఆగినప్పుడు కమల ఇప్పుడు ఆగదు. నాలుగు మెట్లు పైకి పోయి వెనక్కి తిరిగి అరుస్తుంది.

"టీచరమ్మా, పోయిన వారం రెండోసారి పన్నెండో మెట్టు కాడ ఆగితిరి. ఇయ్యాల పదకొండా, పన్నెండా? చెప్పుండ్రి!"

పన్నెండు అంటాను. తను దిగి వచ్చి లెక్కపెట్టి చూసుకుంటుంది.