పాల పందెంలో కట్టిన తువ్వాలు

సగం నిండిన పాల క్యాను ఆటో కుదుపుకు ఒక చప్పుడు చేస్తుంది. గుళుక్కుమని మొదలై, లోపలి గోడకు తగిలి, వెనక్కి మళ్లి మళ్లీ గుళుక్కుమంటుంది. మొన్న పొద్దున కంబదూరు దారిన వచ్చిన ఆటో మా పాలకేంద్రం ముందరి గుంతలో పడినప్పుడు అదే చప్పుడు విన్నాను. చేతిలో లాక్టోమీటరు పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఏమైందక్కా అని డ్రైవరు అడిగాడు. ఏమీ లేదని చెప్పి, క్యాను మెడదాకా నింపకుండా ఎందుకు తెచ్చావని అతనికే నాలుగు చీవాట్లు పెట్టాను. పాపం, అతని తప్పేముంది? ఈ కరువులో క్యాను నిండేన్ని పాలు వస్తే కదా నింపడానికి! పాలతో బతికే మనిషి పాల చప్పుడుకు జడుసుకుంటుందంటే నవ్వుతారని ఎవరికీ చెప్పను. నాకు ఈ పని నేర్పిన హుసేనప్ప మామకు కూడా ఆ చప్పుడు పడేది కాదు.

ఆయన నాకు బంధువు కాడు. మా వైపు ఊళ్లో పెద్దవాళ్లను వరస పెట్టి పిలుస్తాం, అంతే. వాళ్లమ్మ పీర్లకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారట. మనిషి సన్నగా ఎండిన కందికట్టెలా ఉండేవాడు. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చొని అమ్మ మీద విసుక్కుంటున్న రోజుల్లో, కేంద్రంలో పాలు పరీక్ష చేయడానికి సాయంగా రమ్మని ఆయనే మా ఇంటికి వచ్చి అడిగాడు. వాసన చూడటం, నురుగు చూడటం, విరిగే పాలను విరగకముందే కనిపెట్టడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నీళ్లు కలిపి తెచ్చినవాళ్లను నలుగురిలో ఒక్క మాట అనేవాడు కాదు. ఒకసారి గేదె పాలు తెచ్చే ఒకావిడను పక్కకు పిలిచి, "ఎనుముకు తాపు తల్లీ నీళ్లు, పాలకు తాపొద్దు" అన్నాడు. ఆవిడ సిగ్గుపడి నవ్వి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి చిక్కటి పాలు తెచ్చింది. నేనైతే ఆవిడను వీధిలో పెట్టి కడిగేసి ఉండేదాన్ని, నా నోరు అటువంటిది.

క్యాన్లు మెడదాకా నింపాలనేది ఆయన పట్టు. సగం క్యాను దారిలో కుదిపితే వెన్న తేలి, పట్నంలో పరీక్ష చేసేసరికి వెన్న శాతం తక్కువ చూపుతుందని చెప్పేవాడు. అది నిజమే. కానీ ఎవరైనా సగం క్యానును కదిలిస్తే ఆయన చేస్తున్న పని వదిలేసి వచ్చి, ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టినట్టు దాని మీద అరచెయ్యి ఆనించి, చప్పుడు ఆగేదాకా నిలబడేవాడు. అప్పుడు ఆయన ముఖం చూడబుద్ధయ్యేది కాదు. ఆయన పాలు ముట్టడని కూడా నాకు ఆ కేంద్రంలోనే తెలిసింది. టీ కూడా డికాషనే. ఎందుకు మామా అంటే, అరగదు అనేవాడు.

ఆ మాటకొస్తే మా ఊళ్లో పాలు తాగేదెవరు? పిండిన ప్రతి చుక్కా కేంద్రానికే పోయేది. చంటిపిల్లలకు పోను, పెద్దవాళ్లకు పండగనాడు పాయసంలో తగిలితే తగిలినట్టు. అటువంటి ఊళ్లో ఏడాదికొక్క రోజు, శెనక్కాయ విత్తనం వేసే ముందు, వాన కోసం పాల పందెం జరిగేది. ఇంటింటి నుంచీ పాలు తెచ్చి కాచి చల్లార్చి, గంగమ్మ గుడి ముందు వరసగా కూర్చున్న మగవాళ్లకు చెంబుల్లో పోసేవాళ్లు. పందెం జరిగినంతసేపూ ఊరంతా మౌనం. పిల్లల్ని కూడా దూరంగా పంపేసేవాళ్లు. గుటకలు తప్ప ఏమీ వినపడకూడదు. చివరిదాకా నిలిచినవాడికి వెండి కడెం తొడిగి, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, నలుగురు భుజాల మీద పొలిమేరదాకా మోసుకుపోయి తిరిగి తెచ్చేవాళ్లు. ఆ పోయి వచ్చేలోగా అతని నోట్లోంచి పాల చుక్క నేల మీద పడితే ఆ ఏడు వాన రాదని నమ్మకం. అందుకని ముందే తడి తువ్వాలుతో నోరు బిగించి కట్టేవాళ్లు. కట్టేది పరాయివాళ్లు కాదు, ఇంటివాళ్లే కట్టాలి.

ఎనిమిదేళ్ల కిందట మా తమ్ముడు నాగేషు పందానికి కూర్చుంటానన్నాడు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనిచేసేవాడు. అప్పటికి పెళ్లి కాలేదు. మా నాయన మూడుసార్లు కూర్చొని మూడుసార్లూ ఓడిపోయి, కడెం లేకుండానే చచ్చిపోయాడు. ఆ కడెం తెచ్చి నాయన ఫోటోకు తగిలిస్తానని వీడి పంతం. నోరు కట్టాల్సింది నేనే. భర్త పోయిన మనిషని అమ్మను ఆ ఛాయలకే రానివ్వరు. కన్నతల్లి చెయ్యి పనికిరాదట, చూశారా! అప్పుడు కూడా నాకు ఒళ్లు మండింది. కానీ నోరు కట్టడం గురించి మాత్రం మండలేదు. ఊరంతా చేసే పనే కదా అనుకున్నాను.

సంగతి విన్న హుసేనప్ప మామ నాగేషును కేంద్రానికి పిలిపించాడు. గాజు గ్లాసులో గోరువెచ్చని పాలు పోసి నిమ్మకాయ పిండాడు. పాలు విరిగి తెల్లటి గడ్డలు అడుగుకు దిగాయి. కడుపులోకి పోయిన పాలు పాలుగా ఉండవని, ఇట్లా గడ్డ కడతాయని, గడ్డ కట్టినవి అంత తొందరగా కిందికి దిగవని చెప్పాడు. పైనుంచి ఇంకా పోస్తూ ఉంటే కడుపు ఉబ్బి ఊపిరికి అడ్డం పడుతుంది. చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. అప్పుడు వాంతి చేసుకోవడమే ఒంటికి తెలిసిన వైద్యం. నాగేషు నవ్వి ఫోను తీసి చూపించాడు. ఎవరో తెల్లవాళ్లు పందెం వేసుకొని డబ్బాల కొద్దీ పాలు తాగి, రోడ్డు పక్కన కక్కుకొని పడీపడీ నవ్వుతున్నారు.

"సూడు మామా, వీళ్లకేమైనా అయిందా?" అన్నాడు.

మామ ఆ వీడియో చివరిదాకా చూశాడు. "వాళ్లకు నోరు ఎవురూ కట్టల్యా గదప్పా" అన్నాడు.

నాగేషు వెళ్లిపోయాక, ఆ రోజే, ఆయన నాకు వాళ్లన్న ఓబులేసు సంగతి చెప్పాడు. అప్పటికి ఇరవై ఏళ్ల కిందట జరిగిన పందెంలో ఓబులేసు గెలిచాడు. తువ్వాలు కట్టింది హుసేనప్ప మామే. మంచం మోసిన నలుగురిలోనూ ఆయన ఒకడు, తల వైపు.

"పొలిమేర కాడికి పోయేతలికి అన్న నా పక్క సూసినాడు. ముడి ఇప్పురా అని కండ్లతోనే అడిగినాడు. నేను వాన గురించి ఆలోచన చేస్తాంటి" అన్నాడు. కాసేపు క్యాన్ల వైపు చూసి, "ఊపిరి పోయినంక గూడా కడుపులో పాలు కదుల్తానే ఉండాయి రత్నా. మంచం ఊగినప్పుడల్లా గుళుక్, గుళుక్. ఊళ్లోకి వచ్చేదాకా నేనా సప్పుడు ఇంటానే ఉండా" అన్నాడు.

ఆ ఏడు వాన పడిందా అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో అడగలేదు.

"పడింది. దినాలు కాకముందే పడింది. వంకలు పారినాయి. అదే నన్ను సంపుతాండాది" అన్నాడు.

వాన పడింది కాబట్టే ఊరు పందెం మానలేదు. ఓబులేసు పేరు చెప్పుకొని మరీ చేస్తూ వచ్చింది. పందెం రోజు మాత్రం మామ కేంద్రం తలుపులు మూసుకొని లోపలే ఉండేవాడు. ఆ సాయంత్రం నేను ఇంటికి పోయి నాగేషును బతిమాలాను, తిట్టాను, చెయ్యి కూడా చేసుకున్నాను. వాడు వినలేదు. సరే, తాగితే తాగు, నేను మాత్రం నోరు కట్టను అన్నాను. వాడు నవ్వాడు. నువ్వు కాకుంటే చిన్నాయన కడతాడులే అక్కా అన్నాడు.

పందెం రోజు పొద్దెక్కేసరికి గుడి ముందు మగవాళ్లు ఆరుగురు కూర్చున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పాల కాగుల దగ్గర ఆవిరి వాసన, ఎండిన నేల వాసన కలిసిపోయి తల తిప్పుతోంది. అంతమంది జనం నిలబడినా దగ్గినవాళ్లు లేరు. గుటకలు ఒక్కటే వినపడుతున్నాయి, ముందు వేర్వేరుగా, తర్వాత అన్నీ ఒకే గొంతులోంచి వస్తున్నట్టుగా. ఐదో చెంబుకు ముగ్గురు చెయ్యెత్తి పక్కకు పోయారు. ఆరోదానికి మరొకడు. మిగిలిన ఇద్దరి పెదవులూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఏడో చెంబు సగంలో నాగేషు పక్కనున్న మనిషి చెయ్యెత్తేశాడు. మా వాడు ఆ చెంబు ఖాళీ చేసి కింద పెట్టాడు. వాడి కళ్లు ఎటూ చూడటం లేదు. కడుపు చొక్కా గుండీల మధ్య నుంచి బిగిసి కనపడుతోంది.

చిన్నాయన తడి తువ్వాలు నా చేతికిచ్చాడు. కట్టనని అన్నదాన్నే. కానీ ఊరు ఊరంతా మాట్లాడకుండా మిమ్మల్ని చూస్తుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ చూపులన్నీ నా చేతుల్లోకి వచ్చి కూర్చున్నాయి. కట్టాను. గట్టిగా, రెండు ముళ్లు వేసి మరీ కట్టాను. ఇన్నేళ్లయినా ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది. వాణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి పైకెత్తారు. నాలుగడుగులు వేశారో లేదో, వాడి కడుపులోంచి ఆ చప్పుడు విన్నాను. గుళుక్. మళ్లీ గుళుక్. వాడి గొంతు ఎగసిపడుతోంది. ముక్కులోంచి తెల్లగా ఒక చార దిగింది. వాడు నా వైపు చూశాడు.

"రత్నా, ముడి ఇప్పు."

అంత మౌనంలో ఆ గొంతు ఎవరిదో ముందు తెలియలేదు. ఇరవై ఏళ్లుగా పందెం మొహం చూడని హుసేనప్ప మామ జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. నేను మంచం కోడు పట్టి కిందికి లాగి, వాడి మీద పడ్డాను. తడి ముడి వేళ్లకు రాలేదు, పళ్లతో లాగాను. మామ నాగేషును పక్కకు దొర్లించి, తల కిందికి వంచి, వీపు మీద చరిచాడు. ఎన్నో ఏళ్లుగా రోజూ చేస్తున్న పనిలా చేశాడు. గడ్డలు గడ్డలుగా పాలు నేల మీద పడ్డాయి. ఎంతసేపు పడ్డాయో! వాడు పెద్దగా ఊపిరి పీల్చి, అమ్మా అని ఏడ్చాడు. పాలు పడ్డ చోట నేల చూస్తుండగానే తాగేసింది, తడి కూడా మిగల్లేదు. నాకు దాన్ని చూస్తే భయమేసింది.

ఆ ఏడు వాన రాలేదు. జూన్ పోయింది, జూలై పోయింది, వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయింది. ఎనుములను సంతకు తోలారు. నన్ను తిట్టినవాళ్లు తక్కువే, తిట్టినా బాగుండేది. నేను ఎదురుపడితే మాట ఆపేసేవాళ్లు. పాలు తెచ్చే ఆడవాళ్లు కొందరు నా చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి వెళ్లిపోయేవాళ్లు. నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు కేంద్రంలో మామ దగ్గర కూలబడి ఏడ్చాను. వానను నేనే పోగొట్టానా మామా అని అడిగాను. లేదమ్మా, అదంతా పిచ్చి నమ్మకం అంటాడని, ఆ ఒక్క మాట అంటే చాలని ఎదురుచూశాను.

"నాకు తెలీదు" అన్నాడు ఆయన. "మా అన్న పోయినప్పుడు పడింది. నాగేషు బతికినప్పుడు పడల్యా. నేనేమని చెప్దును? పోగొట్టినావనే అనుకో. మళ్లా ఆ పొద్దే వస్తే ముడి ఇప్పుతావా, ఇప్పవా?"

విప్పుతానన్నాను. ఆలోచించే పని పడలేదు.

"అట్లయితే ఇంటికి పొయ్యి నిద్రపో" అన్నాడు. ఆ రాత్రి నిజంగానే నిద్రపోయాను.

మరుసటి ఏడు పందానికి కూర్చునేవాళ్లు దొరికారు కానీ నోరు కట్టేవాళ్లు దొరకలేదు. అక్కలు, అన్నలు, పెళ్లాలు ఎవరికి వాళ్లు పని ఉందన్నారు. అలా పందెం ఆగిపోయింది. మూడేళ్ల కిందట మామ జ్వరమొచ్చి పోయాడు. కేంద్రం ఇప్పుడు నా చేతిలో ఉంది. ఈ మధ్య కుర్రాళ్లు ఫోన్లలో పెట్టుకోవడానికి పందెం మళ్లీ పెడతామని పాలు అడగడానికి వచ్చారు. ఇవ్వనన్నాను, ఎందుకివ్వనో కూర్చోబెట్టి చెప్పాను కూడా. వాళ్లతో వచ్చిన పెద్దాయన ఒకాయన, అది ఆగినప్పట్నుంచీ ఎన్ని మంచి వానలు పడ్డాయో నువ్వే చెప్పమ్మా అన్నాడు.

నాగేషు కూతురికి ఇప్పుడు ఐదేళ్లు. మబ్బు పట్టిందంటే చాలు, వాకిట్లోకి పరిగెత్తుతుంది. మబ్బు మా ఊరు దాటి కన్నడ సీమ వైపు కదిలిపోతుంటే, వాన యాల పోతాండాది అత్తా, మనూళ్లో ఎందుకు నిలబడదు అని నన్నే అడుగుతుంది. నా వల్లేనేమో తల్లీ అని నోటిదాకా వస్తుంది. దాన్ని ఎత్తుకొని, పోనీలే అంటాను.