బీదర్ నుంచి లేహ్‌కు రెండు గంటల నలభై నిమిషాలు

మా బావ లద్దాఖ్‌ల రోడ్డు పనికి పోయి ఏడు నెలలైంది. కొండ మీది క్యాంపుల ఫోను అందదు. ఆదివారం ఆదివారం లేహ్‌కు దిగి, దుకాణం ఫోను నుంచి అక్కతోని మాట్లాడేటోడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కూసున్నం. "ఆయన్ను పోయి చూసొద్దాంరా. ఎంత దూరముంటది?" అన్నది అక్క.

నేను నారాయణఖేడ్‌ల సోషల్ సారును. తెల్వదంటే ఇజ్జత్ పోతది. మాకు దగ్గరి ఎయిర్‌పోర్టు బీదరే గదా అని, ఫోన్ల దాని పేరూ లేహ్ పేరూ కొట్టిన. పద్దెనిమిది వందల కిలోమీటర్లు, రెండు గంటల నలభై నిమిషాలు అని వచ్చింది.

"గింతేనా! మన పట్నం బస్సే ఇంకా ఎక్కువ సేపు పోతది గద!" అన్నది అక్క.

అక్కడన్న ఊకున్ననా? "ముక్కుసూటిగ ఉత్తరానికి పోవుడే అక్కా" అని పాఠం గూడ చెప్పిన.

గంతల్నే బావ ఫోన్ చేసిండు. "శనివారం బీదర్‌ల విమానమెక్కి, పగటి అన్నానికి నీ తాన ఉంట. తమ్ముడు లెక్క చూసి చెప్పిండు" అన్నది అక్క. ఫోన్ కట్టయింది.

సాయంత్రం టికెట్లు చూద్దునుగద, ఆ లెక్క ఆకాశంల గీసిన గీతకు. దాని మీద విమానమే తిరగదు. బీదర్ విమానం పోయేది బెంగళూరుకట.

"ఉత్తరానికి పోవాల్నంటే దక్షిణానికి పోవుడేందిరా? పిల్లలకు నువ్వు చెప్పే సోషల్ గిదేనా?" అన్నది అక్క. బావకు చెప్దామంటే ఫోన్ లేదాయె.

శనివారానికి ముందు టికెట్లు దొరకలేదు. శనివారం పొద్దుగాల ఖేడ్‌ల బస్సెక్కి పట్నం, ఆడికెళ్లి ఢిల్లీ చేరినం. ఆదివారం లేహ్ విమానమెక్కితే, మంచు కొండల మీద చక్కర్లు కొట్టి, గాలి బాగలేదని మళ్ల ఢిల్లీకే తెచ్చిండ్రు. అక్క నా దిక్కు చూసి, "ఇగ ఎన్ని నిమిషాలు మిగిలినయి సారూ?" అన్నది. సోమవారం లేహ్‌ల దిగినం.

గేటు కాడ గడ్డం పెరిగిన బావ నిలవడ్డడు. మమ్మల్ని చూసి పోలీసు జవాను నవ్వుకుంట హిందీల అరిచిండు: "బీదర్‌వాలా! నీ బీదర్ విమానం వచ్చింది!"

శనివారం పగటికే బావ ఆడికి వచ్చిండట. "బీదర్ విమానం ఎన్ని గంటలకు?" అని ఒక్కొక్కరినే అడిగిండట. గసొంటి విమానమే లేదని వాళ్లన్నరు. "మా బామ్మర్ది సోషల్ సారు, ఆయనకు తెల్వదా?" అని పొద్దూకిందాక నిలవడ్డడు. ఆదివారం గూడ వచ్చిండు.

అక్క నవ్వలేదు. చలికి పగిలిన ఆయన పెదవులు చూసుకుంట, "మూడు దినాలు నిలవడ్డవా?" అన్నది.

"నువ్వొస్తనంటివి గద."

ఎత్తు మీద ఊపిరాడదు, రెండు దినాలు పండుకోవాలన్నరు. బావ సెలవు పెట్టి రూం తీసుకున్నడు. మేము తెచ్చిన కందిపప్పు పొయ్యి మీద పెట్టిండు గనీ, ఆ ఎత్తుల అది ఎంతకూ ఉడకలేదు. అక్క రజాయిల నుంచి మూతి మాత్రం బయటపెట్టి, "ఇంక నీళ్లు పొయ్యి, గట్ల కలవెట్టకు" అని హుకుంలు. బావ గంటె పట్టుకొని మురుసుకుంటనే ఉన్నడు.

నాలుగు దినాలకని వచ్చిన అక్క ఇరవై దినాలుంది. నేనొక్కన్నే వాపస్ వచ్చిన.