సన్నతీగ

నలభై నిండని మనిషికి మిల్లు డాక్టరు "వయసు మీద పడుతోంది, చెవులు అంతే" అని చెప్పి పంపేశాడు. మరమగ్గాల మోతలో ఏళ్లతరబడి నిలబడ్డ మనిషి, జుట్టింకా నల్లగానే ఉన్న మనిషి, "సరేనండి" అని మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. అలాంటి 'సరేనండి'ల మీదే ఆ షెడ్డు నడుస్తోంది.

షెడ్డులో ఆయన్ని ఫిడేలు బాబాయి అంటారు. చిన్నప్పుడు మేనమామ నేర్పిన ఫిడేలు. రోజూ డ్యూటీకి పోయేముందు వంటగది గడపలో కూర్చుని వాయిస్తాడు. సాయంత్రం వాయించలేడు, అప్పటికి చెవుల్లో మగ్గాలే ఆడుతుంటాయి.

తల్లి పోయాక ఆయనొక పాట కట్టాడు. మాటల్లేవు, తోడు వాద్యాల్లేవు, ఒక్క ఫిడేలే. ఆమె జీవితమంతా పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి అనుకున్న ప్రార్థనే దానికి ఆధారం: "మారనిదాన్ని మోసే ఓపికివ్వు. మారేదాన్ని వదిలేసే బద్ధకం ఇవ్వకు."

అలసిన మనిషి మెట్లెక్కుతున్నట్టు సాగేది ఆ పాట. వింటే ప్రాణం చల్లబడుతుందనేవారు ఇరుగుపొరుగు. ఆ సంగతి మేనేజరు దాకా పోయింది. "మిల్లు వార్షికోత్సవంలో వాయించు బాబాయ్. మనవాళ్లకి ఓర్పు కావాలి" అన్నాడు.

ఒక పొద్దున ఆ ఉత్సవం కోసం సాధన చేస్తున్నాడు. పొయ్యి పక్కనే కూతురు తల దువ్వుకుంటోంది. కిందటేడే అదే షెడ్డులో చేరిన పిల్ల. బయట బట్టలారేస్తున్న భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఇంట్లో ఇద్దరుండి ఏం లాభం! కెటిల్ ఈల వీధి చివరికి వినపడుతోంది, మీకు పట్టదా?"

"నాకెప్పుడు వినపడి చచ్చింది గనక" అన్నాడు. ఆ ఇంట్లో అది పాత జోకే.

"ఏం ఈల?" అంది కూతురు.

ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. కెటిల్ ఆ పిల్ల మోచేతి పక్కనే ఆవిరి కక్కుతోంది.

కూతురు డ్యూటీకి వెళ్లాక భార్య అంది: "పాటలో సన్నతీగ ఎందుకు ముట్టుకోరో నాకు తెలుసు."

"తెలిసీ అడగలేదేం?"

"అడిగితే ఏమంటారు, సరేనండి అంటారు. అత్తయ్య ప్రార్థనలో రెండో ముక్క ఏమైంది? మింగేశారా?"

"దానికి సన్నతీగే కావాలి. ఆ పై స్వరాలు నాకు వినపడవు, తప్పు పలికినా తెలీదే."

"నేనున్నాగా."

ఆవిడకి సంగీతం రాదు. కీచుమంటే మొహం చిట్లించడం వచ్చు. అది చాలనుకున్నారు. ఎదురుగా కూర్చుని చెయ్యి పైకీ కిందకీ ఊపుతుంటే, ఆ చేతిని చూస్తూ ఆయన వేళ్లు జరుపుకునేవాడు. తను వినలేని రెండో సగాన్ని అలా కట్టాడు.

వార్షికోత్సవంలో మొదటి సగానికి అందరూ తలలూపారు. తర్వాత కమాను సన్నతీగ మీదికెక్కింది. ముందు వరసలో భార్య చెయ్యి లేచింది. మేనేజరు కుర్చీలో కదిలాడు. పాట ముగించి ఆయన నిలబడ్డాడు.

"నా చెవులు పోయాయి, పోనీండి. నా కూతురివి పోతున్నాయి. షెడ్డులో అందరికీ పరీక్ష చేయించండి. చెవులకి అడ్డుపెట్టుకునేవి ఇవ్వండి."

"పాట బాగుంది బాబాయ్" అన్నాడు మేనేజరు నవ్వేస్తూ. "చివర్లోనే శ్రుతి తప్పావు."

"అదీ నాకు వినపడలేదండి. మీ దయ."

పరీక్షలు లేవు. అడ్డుపెట్టుకునేవి రాలేదు. ఆయనిప్పటికీ మగ్గం దగ్గరికే పోతున్నాడు, కూతురూ పోతోంది. రోజూ సైరన్‌కి ముందు గేటు దగ్గర నిలబడి ఆ రెండో సగం వాయిస్తాడు. భుజం లాగేస్తోందంటాడు. తోటివాళ్లు తలొంచుకుని లోపలికి పోతారు. పిల్లలున్నవాళ్లు, వాళ్లని ఏమనగలం? మోయాల్సిందంతా వాళ్లు మోసేశారు.

ఇక మన వంతు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో షెడ్డు పనికి పోయేవాళ్లుంటే, ఇవాళే వాళ్ల వెనక నిలబడి మెల్లగా పిలవండి. తల తిప్పకపోతే, రేపు పొద్దున వాళ్లతో పాటు మీరూ గేటు దగ్గరికి రండి.