గరాజ్ కోడ్

అమెరికాలో, ప్లేనో ఊళ్లో, మా గరాజ్ తలుపు తెరిచే కీప్యాడ్ మూత ఎత్తినప్పుడల్లా నాకు ఐదో క్లాసు గుర్తొస్తుంది.

అప్పుడొక వారం స్కూల్లో గ్రీకు వీరుడి కథ చెప్పారు. ఏళ్ల తర్వాత అతను ఇల్లు చేరితే, భార్య పరీక్షించాకే నమ్ముతుంది.

వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్లి ఏడు నెలలు ఇరుక్కుపోయిన నాన్న, ఆ శనివారమే గడ్డంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"గరాజ్ కోడ్ చెప్పు," అన్నాను.

నవ్వుతూ చెప్పాడు. తప్పు! తలుపేసేశాను.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది. "మీరు లేరని భయమేసి నేనే కోడ్ మార్చానండీ," అంటూ ఏడ్చేసింది.

నాకంతా అయోమయం. వీరుడు పరీక్షలో తప్పాడు కదా, ఏమీ అడక్కుండానే అమ్మ ఎలా నమ్మింది?

నాన్న చెప్పిన కోడ్‌కి, తను వదిలి వెళ్లిన ఇల్లయితే తెరుచుకునేదే.