పక్క కుర్చీ ఊపిరి

ఇప్పుడు నేను సెంటు కొట్టుకోను. ఎవరైనా అడిగితే పడదని చెప్తాను. పడనిది నాకు కాదు, నా పక్క సీటులో కూర్చున్న ఒక మనిషికి. అది నాకు తెలిసేసరికి ఆ సీటు ఖాళీ అయింది.

మాది నేత పని ఇల్లు. నాన్న పడుగుకు గంజి పెట్టేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో ఏ మూలకు పోయినా పులిసిన గంజి వాసనే. అక్కడ ఉన్నన్నాళ్లూ అది వాసన అని కూడా నాకు తెలియదు. డిగ్రీలో చేరిన మొదటి వారం, పక్కన కూర్చున్నవాడు చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుని, నా అంగి గంజి కంపు కొడుతోందని అందరికీ వినపడేలా అన్నాడు. బెంచీలన్నీ నవ్వాయి. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

చదువయ్యాక పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆస్పత్రుల నుంచి వచ్చే బీమా కాగితాలు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని. మూడో అంతస్తు, ఏసీ గది. కిటికీల అద్దాలు బిగించేసి ఉండేవి. ఫ్లైఓవర్ మీద బండ్లు కదలడం కనిపించేది, చప్పుడు వినిపించేది కాదు. గదిలో పన్నెండు మందిమి. ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీల్చాల్సిందే. ఆ సంగతి అప్పట్లో నా బుర్రకు తట్టలేదు.

నా పక్క సీటులో ఒక అక్క ఉండేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చింది. భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. బిడ్డ చదువు, ఇల్లు అన్నీ ఆమె జీతం మీదే నడిచేవి. డాక్టర్ల కోడిగీతలు చదవడం నాకు నేర్పింది ఆమే. మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు మధ్యలో పెట్టుకుని తినేవాళ్లం. నా హాస్టల్ పప్పు చూసి జాలిపడి, తన కూర సగం నా మూతలో వేసేది. అలాంటి ఒక మధ్యాహ్నం, ఎవరికీ చెప్పని ఆ డిగ్రీ బెంచీ కథ ఆమెకు చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మా ఇంట్ల బర్ల వాసన, మీ ఇంట్ల గంజి వాసన," అంది. "మనల్ని సాదినయి గవే కదా తమ్మీ. దానికి సిగ్గేంది?"

మంచి మాట. కానీ మంచి మాటతో పాత పుండు మానుతుందా? అది వానాకాలం. ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌లో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. బట్టలు గదిలోనే తాడు మీద ఆరేవి, ఆరక ముక్కిపోయేవి. ఆ వాసన నన్ను మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది. అమీర్‌పేట మెట్రో కింద ఫుట్‌పాత్ మీద, కోచింగ్ కరపత్రాలు పంచేవాళ్ల పక్కన, ఒకాయన ఫారిన్ సీసాల్లాంటి సీసాలు అమ్మేవాడు. మూత తీయకుండానే ముక్కుకు తెలిసే సెంటు. ఒకటి కొన్నాను. మెడకు, చంకలకు, కాలర్‌కు, చివరికి రుమాలుకు కూడా కొట్టుకుని ఆఫీసుకు పోయాను. చాలా ఏళ్ల తర్వాత తల ఎత్తుకుని నడిచిన రోజు అది. లిఫ్టులో ఎవరో వెనక్కి తిరిగి చూస్తే, మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను.

వారం తిరగకముందే అక్క మారిపోయింది. నేను వచ్చి కూర్చోగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. కుర్చీ కొంచెం కొంచెం అవతలికి జరిపేది. మధ్యాహ్నం డబ్బా తీసుకుని మెట్ల దగ్గరికి పోయేది. అడిగితే, ఏసీ చలి పడుతలేదని చెప్పేది.

మా దగ్గర మనిషిని చూసి కొంగు ముక్కుకు పెట్టుకోవడం కంటే పెద్ద తిట్టు లేదు. నోటితో తిడితే తిరిగి తిట్టొచ్చు, దీనికి ఏమని జవాబు చెప్తాం? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె కొంగు ఎత్తిన ప్రతిసారీ నేను నా చొక్కా వాసన చూసుకునేవాణ్ణి. గంజి వాసన ఇంకా పోలేదన్నమాట, సిగ్గేంది అన్న మనిషికే నా దగ్గర కంపు కొడుతోందన్నమాట. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పొద్దున కొట్టుకునేది చాలదని సీసా సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం ఆఫీసు బాత్రూంలో ఇంకోసారి కొట్టుకోవడం మొదలుపెట్టాను. ఆమె కొంగు ఎత్తే కొద్దీ నేను సెంటు పెంచాను.

మాట్లాడటం మానేశాను. అక్క అని పిలవడం కూడా మానేశాను. కాగితం కావాలంటే ఆమె ముఖం చూడకుండా చెయ్యి చాపేవాణ్ణి. మిగతా వాళ్ల దగ్గర, ఆమెకు పొగరెక్కువని చెప్పాను. అది కూడా నేనే చెప్పాను, దాచుకోవడానికేం లేదు.

ఆమె సెలవులు ఎక్కువయ్యాయి. వచ్చిన రోజు కూడా మధ్యమధ్యలో లేచి పోయేది. కాగితాలు పేరుకుపోయాయి, తప్పులు దొర్లాయి. సీటు మార్చమని మేనేజర్‌ను రెండుసార్లు అడిగింది. కారణం ఏంటండీ అని ఆయన అడిగితే, మళ్లీ ఏసీ చలి అనే చెప్పింది. ఏసీ లేని సీటు ఆఫీసులో లేదని ఆయన పంపించేశాడు. నాలుగు నెలలు గడిచాక ఒక శనివారం ఆమెను లోపలికి పిలిచి, వచ్చే నెల నుంచి రావద్దన్నారు. బయటికి వచ్చి డబ్బా, గొడుగు సర్దుకుంది. నా కుర్చీ వెనక ఒక్క క్షణం నిలబడింది. నేను తెర మీద నుంచి కళ్లు తీయలేదు. పోతున్న అడుగుల చప్పుడు విని, పీడ పోయింది అనుకున్నాను.

సోమవారం ఆమె పని నాకు అప్పజెప్పారు. కాగితాల కోసం ఆమె సొరుగు తెరిస్తే, వెనక మూలలో నోట్లో కొట్టుకునే ఆయాసం మందు ఖాళీ డబ్బాలు మూడు దొరికాయి. అవి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి నా వైపు చూసింది.

"ఆమెకు దమ్ము ఉన్నది గదా," అంది. "నువ్వొచ్చి కూసుంటే నీ సెంటుకు ఊపిరాడకపోతుండె. మెట్ల మీద కూసొని ఆ మందు కొట్టుకుంటుండె. నేను చెప్తనంటే వద్దన్నది. పిల్లగాడు వాసన అంటేనే చిన్నబోతడు, ఊకో అన్నది."

నాకు ముందు కోపమే వచ్చింది. ఒక్క మాట చెబితే అయిపోయేది కదా, దాని కోసం ఉద్యోగం పోగొట్టుకోవాలా అని. తర్వాత, ఆ ఒక్క మాట వినడానికి నేను ఏ రోజైనా సిద్ధంగా ఉన్నానా అని వెతికాను. ఒక్క రోజు కూడా దొరకలేదు. ఆ బెంచీ కథ నేను చెప్పకపోయి ఉంటే ఆమె మొదటి రోజే చెప్పేసేది. నా సిగ్గును కాపాడటానికి తన ఊపిరి బిగబట్టుకుంది.

సీసాలో మిగిలింది హాస్టల్ బాత్రూంలో ఒంపేశాను. రెండు రోజులు ఎవరూ అందులోకి పోలేకపోయారు. నా గదివాళ్లు నన్ను బండబూతులు తిట్టారు. ఆమె దాని పక్కన నాలుగు నెలలు కూర్చుంది.

ఆమె లక్డీకాపూల్‌లో ప్రభుత్వ ఆఫీసుల దగ్గర ఒక జిరాక్స్ షాపులో చేరిందని, జీతం సగమేనని ఆయమ్మే చెప్పింది. పోవడానికి నాకు నెల పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా ధైర్యం కావాలి. చివరికి ఒక రోజు పర్మిషన్ పెట్టి, ఉతికిన అంగినే మళ్లీ ఉతికి తొడుక్కుని మెట్రో ఎక్కాను.

ఎక్కడో తుఫానట, పొద్దుటి నుంచీ ముసురు పడుతోంది. చలిగాలి. షాపు రోడ్డు మీదికే తెరిచి ఉంది. ఆమె మిషన్ దగ్గర నిలబడి కాగితాలు తిప్పుతోంది. చిక్కిపోయింది. తలెత్తి నన్ను చూసింది. చూడగానే చెయ్యి దానంతటదే కొంగు పట్టుకుని ముక్కు దాకా పోయింది. నేను చూశానని ఆమె చూసింది. వెంటనే కొంగును నుదుటి మీదికి జరిపి, లేని చెమట తుడుచుకుంది.

నేను షాపు బయటే ఆగాను.

"అక్కా, సెంటు బంద్ చేసిన," అన్నాను.

"ఎందుకు తమ్మీ?" అంది. "మంచిగనే ఉంటుండె గదా."

తిన్నావా అని అడిగింది. స్టూలు తెచ్చి, షాపు అంచున, రోడ్డు గాలి తగిలేచోట వేసింది. మిషన్‌కు అవతల తన కుర్చీలో కూర్చుంది. నేను ఆమె వేసినచోటే కూర్చున్నాను. మోకాలి మీద జల్లు పడుతున్నా లోపలికి జరగలేదు.