పిన్నిగారితో రెడ్డిగూడెం

మా ఇంటిగలావిడ పోయిన మంగళవారం నిద్రలోనే వెళ్ళిపోయారు. పొద్దున్నే ఆవిడ కోడలు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “అత్తయ్య లేవట్లేదండీ” అంది.

నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళది. నేను స్కూలు టీచర్ని. ట్రాన్స్‌ఫర్ మీద ఈ ఊరు వచ్చి, వాళ్ళ మేడమీది వాటా అద్దెకు అడిగినప్పుడు ఆవిడ, “చర్చికి వెళ్తారా అమ్మా?” అన్నారు. వెళ్తానండీ అన్నాను. ఇక ఇల్లు ఇవ్వరనుకుని లేవబోయాను. “రెడ్డిగూడెంలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?” అని మళ్ళీ అడిగారు. లేరన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అయినా తాళాలు నా చేతిలో పెట్టారు. అలా వచ్చిన నాకు కొన్నాళ్ళకే పిన్నిగారయ్యారు.

కింద టీవీ ఎప్పుడూ మనవళ్ళ క్రికెట్టుదే. అందుకని సాయంత్రం పూట మోకాళ్ళు పట్టుకుంటూ మా వాటాలోకి వచ్చేవారు. కొందరిని ఒక ఇంట్లో ఉంచి, చుట్టూ కెమెరాలు పెట్టే షో అంటే ఆవిడకు ప్రాణం. ఎవరు గెలుస్తారన్నది ఆవిడకు పట్టేది కాదు. ఎలిమినేట్ అయినవాళ్ళ మీదే బెంగ. “ఉన్నట్టుండి పొమ్మంటే ఇంటి దగ్గర అన్నం ఉంటుందో లేదో పాపం” అనేవారు. లోపలివాళ్ళు గొంతులు చించుకుని అరుచుకుంటుంటే నేను ఛానల్ మార్చబోయేదాన్ని. “తిట్టుకోనీ అమ్మా. మాట్లాడుకుంటున్నారు కదా, అది చాల్లే” అని ఆపేవారు.

ఇంత చనువుగా ఉన్నా, మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. పుట్నాలు కొంగున మూటగట్టుకుని తెచ్చుకునేవారు. ఆవిడ పెరిగిన పద్ధతి అది. నేను అడగడం మానేశాను.

నిన్న సాయంత్రం ఊరికే టీవీ పెడితే అదే షో. తెరమీద ఒక కొడుకు కదలకుండా నిలబడి ఉన్నాడు, తల్లి ఎదురుగా నడిచి వస్తోంది. రెండేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి ఎపిసోడే మేమిద్దరం చూశాం. లోపలివాళ్ళను చూడటానికి ఇంటివాళ్ళు వస్తారు. ఉన్నచోటనే కదలకుండా నిలబడాలని రూలు. “సొంతవాళ్ళు వస్తే కదలొద్దంటారేంటమ్మా!” అని విసుక్కున్నారు పిన్నిగారు. తర్వాత ఒక అమ్మాయి అక్క వచ్చింది. ఆ అమ్మాయి నిలబడే ఏడుస్తోంది. పిన్నిగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, “నాకూ ఒక చెల్లెలుంది” అన్నారు.

చెల్లెలు తనతో పనిచేసే క్రైస్తవ టీచర్ని పెళ్ళి చేసుకుని రెడ్డిగూడెం వెళ్ళిపోయిందట. ఆ పేరు ఇంట్లో వినపడకూడదన్నారు తండ్రి. పిన్నిగారి భర్త కూడా అదే మాటన్నారు. తండ్రీ, భర్తా ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది.

“మరి అప్పుడైనా వెళ్ళలేదేంటండీ?”

“అప్పటికి సిగ్గు ముదిరిపోయిందమ్మా” అన్నారు.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “రేపు ఆదివారం కదా. నువ్వు తోడొస్తావా?” అని అడిగారు.

మర్నాడు బస్సులో వెళ్ళాం. ఒళ్ళో సున్నుండల డబ్బా. చలికాలం మొదలు కావడంతో తోటల్లో కాయా లేదు, పూతా లేదు, దారంతా నల్లటి ఆకుపచ్చ. “తనకి సున్నుండలంటే ఇష్టం” అని ఆవిడ అన్నమాటే మళ్ళీ మళ్ళీ అన్నారు.

రెడ్డిగూడెంలో అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాం. తోట అంచున చిన్న డాబా. వరండాలో ఒకావిడ కందికాయలు ఒలుస్తోంది. ముఖం చూడగానే తెలిసింది చెల్లెలని. పిన్నిగారు గేటు పట్టుకుని అక్కడే ఆగిపోయారు. అడుగు పడలేదు. ఆవిడా లేవలేదు. చాలాసేపటికి నావైపు తిరిగి, “ఎండలో ఎందుకు, ఆవిణ్ణి లోపలికి రమ్మనమ్మా” అంది.

ఆ పూటంతా అలాగే గడిచింది. ఏ మాటైనా నాతోనే. “ఆవిణ్ణి ఫ్యాను కింద కూర్చోమను.” “నాకు షుగరని చెప్పు.” అంటూనే సున్నుండ ఒకటి పూర్తిగా తినేసింది. పిన్నిగారు ఏదో చెప్పబోతే, “రాని ఏళ్ళ గురించి నేనేం అడగనని చెప్పమ్మా. వచ్చిన పూటకి అన్నం తినమను” అని పీట వాల్చింది.

నేను పిన్నిగారి వైపు చూడలేకపోయాను. ఆవిడ చెయ్యి కడుక్కుని కూర్చున్నారు. కందిపప్పు, జాడీ అడుగున మిగిలిన ఆవకాయ. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, “అమ్మ పాళ్ళే” అన్నారు. చెల్లెలు ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

మర్నాడు సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని, “కొంచెం టీ పెట్టవా అమ్మా” అన్నారు పిన్నిగారు. కంగారులో పంచదార ఒలకబోశాను. అప్పటినుంచి ఆ చెల్లెలు వారం వారం చర్చి అయ్యాక నూజివీడు వచ్చేది. ఇద్దరూ ఆ షో చూస్తూ తెగ వాదించుకునేవారు. మంగళవారం కబురు అందగానే ఆవిడే వచ్చి, తల దగ్గర కూర్చుని, అక్క జుట్టు సర్దింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నాకు మాత్రం ఆ మొదటి రోజు తిరుగు ప్రయాణమే కళ్ళముందు ఆడుతోంది. బస్సెక్కించి వెళ్తానని రోడ్డుదాకా వచ్చిన ఆ చెల్లెలు, బస్సు ఆగగానే మాతోపాటు ఎక్కేసింది. చేతిలో సంచీ లేదు, ఇంటి చీరలోనే ఉంది. వెళ్ళి పిన్నిగారి పక్కన కూర్చుంది. ఊరు దాటకముందే పిన్నిగారు నిద్రలోకి జారి, ఆవిడ భుజం మీదికి ఒరిగిపోయారు. కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగాడు. ఆవిడ ఈసారి నావైపు చూడలేదు.

“మా అక్క ఎక్కడ దిగితే అక్కడికి” అంది, భుజం కదలనీయకుండా.